ఇంటి చిన్నకుక్క – దాని పోషణము, ఆరోగ్యము



ముప్పదియైదు సంవత్సరములు బాలురకు ఆంధ్రవ్యాకరణము బోధించిన వానికి కుక్కలనుగూర్చి ప్రసంగించు నధికారము ఎక్కడిదని మీకు శంక కలుగవచ్చును. ఆ శంక న్యాయమైనదే. ఆ యధికారము నాకు ఒక కుక్కయే యిచ్చినది. ఆఱేండ్ల క్రిందట హైదరాబాదులో చదువుకొనుచున్న మా మనుమడు సంక్రాంతికి వచ్చుచు, దూదిపింజెవంటి తెల్లని కుక్కపిల్లను చంకన బెట్టుకొని తెచ్చెను. పండుగ ముగిసినది, సెలవులును ముగిసినవి. అద్దెయింటివారు కుక్కను ఒప్పుకొనరని చెప్పి, వాడు దానిని మా యరుగుమీద విడిచి బస్సెక్కెను. వాడు దానికి పెట్టిన పేరు స్నోయీ. మా గృహిణికి ఆ మాట నోరు తిరుగక సోమి యని పిలువసాగెను. స్నోయీ ప్రకృతి, సోమి వికృతి యని నేనును ఊరకుంటిని.

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో నేడిట్టి యిండ్లు అనేకము. పిల్లలు హైదరాబాదుననో, గల్ఫుదేశములందో, అమెరికాలోనో ఉందురు. ఇంట మిగిలినవారు పెద్దలిరువురు, పెరటిలో కొబ్బరిచెట్లు, అరుగుమీద ఒక బొచ్చుకుక్క. ముచ్చటపడి తెచ్చినవారు వారు, పోషించువారము మనము. ఆవునుగూర్చియు గేదెనుగూర్చియు మనకు తాతల నాటినుండి వచ్చిన తెలివి కలదు. ఏ గడ్డి మేసిన కడుపుబ్బునో, ఈనిన పశువునకు ఏమి పెట్టవలెనో మన యిండ్లలో ముసలమ్మలైనను చెప్పగలరు. వీథికుక్క యన్ననో, దాని బ్రతుకు అదియే బ్రతుకును. ఈ చిన్నకుక్క యీ రెండు తెగలలోను చేరదు. దీనినిగూర్చి మనకు పారంపర్యముగ వచ్చిన జ్ఞానము లేదు. ఆ లోటువలన నేను చేసిన తప్పులు కొన్ని కలవు. వానిని దాచక చెప్పెదను.

ముందుగా ఇది యెక్కడి ప్రాణియో తెలిసికొందము. మన యూళ్లలో దీనిని పొమేరియన్ అందురు. బాల్టిక్ సముద్రమునకు దక్షిణతీరమున, నేటి జర్మనీ పోలెండు దేశములలో చేరియున్న పొమరేనియా యను సీమనుబట్టి ఆ పేరు వచ్చినది. అది చలిదేశము. మొనదేలిన మూతి, నిక్కిన చెవులు, వీపుమీదికి మడిచిన తోక గల యీ కుక్కల కుటుంబమునకు స్పిట్జ్ అని పేరు. జర్మను భాషలో ఆ మాటకు మొనదేలినదని యర్థము. పూర్వమీ కుక్కలు ఇప్పటికంటె పెద్దవి. విక్టోరియారాణి 1888లో ఇటలీలోని ఫ్లారెన్సు నగరమునకు పోయినప్పుడు మార్కో యను చిన్నకుక్కను సంపాదించుకొనెను. రాణి ముచ్చట ప్రజల ముచ్చటయై, నానాటికి చిన్నవానిని పెంచుటయే వాడుకయైనది. నేడు అసలైన పొమరేనియన్ మూడు కిలోల ప్రాంతమున తూగును. మన యిండ్లలో నున్నవి చాలవఱకు దీని దాయాదియగు ఇండియన్ స్పిట్జ్ జాతివి. వానిలో చిన్నరకము అయిదు మొదలు ఏడు కిలోలవఱకు తూగును. పెద్దరకము అంతకు రెట్టింపును ఉండును. 1994లో వచ్చిన ‘హమ్ ఆప్కే హై కౌన్’ అను హిందీ చలనచిత్రములోని టఫీ యను కుక్క ఆ జాతిదే. మా సోమి ఆఱు కిలోలు. నడుమ ఎనిమిదైనది, ఆ కథ తరువాత వచ్చును.

చలిదేశపు కుక్క యగుటచే దీని మేనిమీద వెండ్రుకలు రెండు పొరలు. లోపల ఉన్నివంటి మెత్తని దట్టపు పొర, పైన పొడుగుపాటి వెండ్రుకలు. మనకువలె కుక్కకు ఒడలెల్ల చెమట పట్టదు. పాదములక్రింది మెత్తలయందు మాత్రమే కొంచెము పట్టును. నోరు తెఱచి, నాలుక చాచి, వగర్చుటయే దానికి ఒడలు చల్లార్చుకొను మార్గము. నాలుకమీది తడి ఆవిరియై పోవునప్పుడు వేడిని తీసికొనిపోవును. ఇచట ఒక సూక్ష్మము కలదు. తడిబట్ట త్వరగా ఆఱుచోట కుక్కకును త్వరగా చల్లబడును. బట్ట ఆఱనిచోట అది యెంత వగర్చినను ఫలము స్వల్పము. రాయలసీమ ఎండ తీవ్రమైనను గాలి పొడిగా నుండును. మన కోనసీమయో గౌతమీ వసిష్ఠల నడుమ సముద్రముప్రక్కన నున్న నేల. ఎటుచూచినను కాలువలు, చెఱువులు, వరిచేలు. వైశాఖమాసమున ఉక్కపోసిన మధ్యాహ్నము మనకే ఊపిరాడదు. కొబ్బరినీడ యున్నది గదా యని మనము ధైర్యపడుదుము. నీడ యెండను ఆపునుగాని ఉక్కను ఆపదు.

కావున వేసవిలో దీనిని తెల్లవాఱుజామునను ప్రొద్దుగ్రుంకిన పిదపను మాత్రమే తిప్పవలెను. గాలియాడు గదిలో గచ్చునేలమీద పడుకొననీయవలెను. మంచినీరు ఎల్లప్పుడును అందుబాటులో నుండవలెను. అద్దములు మూసిన కారులో అయిదు నిమిషములైనను విడువరాదు. వగర్పు ఆగక, చొంగ చిక్కనై, చిగుళ్లు మిక్కిలి ఎఱ్ఱబడి, నడక తూలినచో వడదెబ్బ యని గ్రహింపుడు. కుక్కకు స్వస్థతలో నుండు వేడి 101 మొదలు 102½ డిగ్రీల ఫారెన్‌హీట్. మనకు జ్వరమైనది దానికి సహజము. వడదెబ్బలో అది 105 దాటును. అప్పుడు దానిని నీడకు చేర్చి, బావినీటితో ఒడలెల్ల తడిపి, విసనకఱ్ఱయో పంకాయో పెట్టి, వైద్యునికడకు కొనిపోవలెను. స్పృహ తప్పినదాని నోట నీరు పోసినచో ఆ నీరు ఊపిరితిత్తులలోనికి పోవును.

ఇప్పుడు నా మొదటి తప్పు. మొదటి వేసవిలో సోమి వగర్పు చూచి జాలిపడి, క్షురకుని పిలిపించి, చర్మము కనబడునట్లు బొచ్చంతయు తీయించితిని. మేలు చేసితి ననుకొంటిని. పదిదినములలో వీపు ఎండకు కమిలి పొక్కినది. బొచ్చు మఱల సరిగా వచ్చుటకు ఏడాది పట్టినది, అదియు అతుకులు వేసినట్లు. ఆ రెండు పొరల బొచ్చు చలినేగాక ఎండ నేరుగా తాకుటను గూడ వారించునట. చేయవలసినది గొఱుగుట కాదు, దువ్వుట. వారమునకు మూడుమాఱులు దువ్వి, రాలిపోయిన లోపలి ఉన్నిని తీసివేసినచో గాలి చర్మమును చేరును. ముసురు దినములలో లోపలిపొర తడిసియున్నచో చర్మము పాచి పుండ్లగును. స్నానము మూడువారముల కొకటి చాలును. పిమ్మట వేళ్లతో విడదీసి మొదలంట ఆఱబెట్టవలెను. మన సబ్బు దాని చర్మమునకు పడదు.

రెండవ తప్పు ఇంకను పెద్దది. ఒక కార్తికమాసమున సోమి అన్నము మానెను. దృష్టి తగిలినదని మా గృహిణి ఉప్పు దిగదుడిచెను. లంఘనము పరమౌషధ మని నేను రెండుదినములు పస్తుంచితిని. మూడవనాడు అది లేవలేదు. పెదవి యెత్తి చూడగా చిగుళ్లు సున్నమువలె తెల్లబడియున్నవి. మూత్రము కాఫీరంగున నున్నది. రిక్షాలో వేసికొని పశువైద్యశాలకు పోతిమి. అచటి డాక్టరుగారు ముందుగా చెవి మడిచి చూచి, అందులోనుండి కందిగింజంత పిడుదునొకదానిని తీసి నా చేతిలో పెట్టిరి. తరువాత నెత్తుటిచుక్కను సూక్ష్మదర్శినిక్రింద నుంచి నన్ను చూడుమనిరి. ఎఱ్ఱకణముల లోపల చుక్కలవంటి ప్రాణులు కనబడినవి. వాని పేరు బబీసియా. పిడుదు కఱచినప్పుడు అవి కుక్క నెత్తుటిలో చేరి ఎఱ్ఱకణములను పగులగొట్టుచు వృద్ధియగును. తెల్లకణములను పట్టు ఎర్లీకియా యను మఱియొకటి కలదు. అందు జ్వరమును, ఒక్కొక్కప్పుడు ముక్కునుండి నెత్తురును కలుగును. రెంటికిని మందులు కలవు. వెంటనే పోయినచో చాలవఱకు బ్రతుకును. నేను పస్తుంచిన రెండుదినములే దానికి ప్రాణాపాయముగ పరిణమించినవి. అది బ్రతికినది నా తెలివిచేత గాదు.

మనము పిడుదులు పశువులనుండి వచ్చుననుకొందుము. కుక్కపిడుదు వేఱు. అది కుక్కమీదనేగాక మన యింటి గోడల నెఱ్ఱెలలోను, అరుగుక్రిందను, గుమ్మపు సందులలోను కాపురముండును. కడుపునిండ త్రాగిన ఆడుపిడుదు కుక్కను విడిచి గోడకెక్కి వేలకొలది గ్రుడ్లు పెట్టును. కుక్కకు మందువేసి గోడను మఱచినచో పదిదినములలో కథ మొదటికి వచ్చును. కావున నెలనెల వైద్యుడు చెప్పిన మందు మెడవెనుక చర్మమున వేయుటయో మ్రింగించుటయో చేయవలెను; కుక్కను వెలుపల నుంచి నెఱ్ఱెలను శుభ్రపఱచి పూడ్పింపవలెను. దినమున కొకమాఱు చెవులలోపల, కాలివ్రేళ్ల సందుల, మెడక్రింద వ్రేళ్లు పోనిచ్చి చూచుట మంచిది. కనబడినదానిని చిమటాతో చర్మము నంటి పట్టుకొని నిలువుగ లాగి తీయవలెను. కిరసనాయిలు పోయరాదు. చేనికి కొట్టు పురుగుమందును నీళ్లలో కలిపి కుక్కకు పూయువారు మన గ్రామములలో ఉన్నారు. పిడుదులు చచ్చును, కుక్కయు చచ్చును.

ఆహారమునుగూర్చి. మా యింట ముట్టనివి అనేకము గలవు. కావున సోమికి మూడేండ్లు పప్పన్నము, పెరుగన్నము, సాయంకాలము బిస్కత్తులు, పండుగలకు పాయసము. అది ఎనిమిది కిలోలై, బొచ్చు కాంతి తప్పి, మెట్లెక్కుటకు కుంటసాగెను. కుక్క వరియన్నము జీర్ణించుకొనగలదు గాని అన్నమే ఆహారముగ పుట్టినది కాదు. దానికి మాంసకృత్తులు ముఖ్యము. మాంసాహారుల యిండ్లలో ఉప్పుకారములు లేక ఉడికించిన కోడిమాంసమో గ్రుడ్డో అన్నమున కలిపినచో చాలును. ఉడికిన యెముకలు పెట్టరాదు. అవి చీలికలై ప్రేగులను చీల్చును. గోదావరి చేపల ముండ్లును అట్టివే. (పులస ముల్లు కుక్కవఱకు వచ్చునంతటి ధారాళము నే డెవరికిని లేదనుకొందును.) మావంటివారికి అంగడిలో దొరకు తయారుమేత గతి. దానిని గిద్దతో కొలిచి పెట్టుచున్నాము. పాలకంటె పెరుగు మేలు, కొందఱిదానికి పాలు విరేచనము తెచ్చును.

విషములైనవి కొన్ని మన వంటయింటిలోనే యున్నవి. ఉల్లి, వెల్లుల్లి ఎఱ్ఱకణములను చెఱచును. కావున సాంబారు కలిపిన యన్నము తగదు. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండములకు హాని చేయును. మా పాయసములో ఎన్ని యెండుద్రాక్షలు సోమి తినెనో తలచుకొన్నచో నేటికిని గుండె ఝల్లుమనును. చాకొలెట్టు ఆ చిన్నప్రాణికి గుండెదడ, వణుకు తెచ్చును. జ్వరము వచ్చినదని మనము మ్రింగు పారాసిటమాల్ మాత్రను దానికి వేయరాదు. ఇక బరువు పెరిగినచో ఈ జాతికి రెండు చిక్కులు. మోకాటిచిప్ప స్థానము తప్పును. నడుచుచు నడుచుచు వెనుకకాలొకటి ఎత్తి కుంటి, మఱల మామూలుగ నడచుట దాని గుర్తు. రెండవది, గొంతుగొట్టము మెత్తబడి అణగి, బాతు అఱచినట్లు దగ్గు వచ్చును. అందుచేత దీనికి మెడపట్టెకు బదులు రొమ్ముచుట్టు వచ్చు పట్టెడకు త్రాడు కట్టుట మంచిది. దంతములకు పాచిపట్టి తొందరగ ఊడుటయు దీని జాతిలక్షణమే. కుక్కల కొఱకు చేసిన పేస్టుతో నేను ప్రతిదినము తోముచున్నాను. వీథిలోనివారు నవ్వుదురు.

కుక్కపిల్లను కొత్తగా తెచ్చినవారు మూడు మాటలు వినవలెను. పుట్టిన రెండవ వారమునుండియే కడుపులో పురుగుల మందు వైద్యుడు చెప్పిన క్రమమున వేయవలెను. మిక్కిలి చిన్నపిల్లలకు దినమునకు నాలుగైదుమాఱులు కొంచెము కొంచెము పెట్టవలెను. పస్తున్నచో నెత్తుటిలో చక్కెర పడిపోయి వణకి సొమ్మసిల్లును, అప్పుడు చిగుళ్లకు తేనె రాచి వైద్యునికడకు పరుగెత్తవలెను. ఆఱు మొదలు ఎనిమిది వారముల యీడున మొదటి టీకా, పిమ్మట మూడు నాలుగు వారముల కొకటిగ నాలుగునెలల యీడు వచ్చువఱకు వేయింపవలెను. అందు ముఖ్యముగ వారింపబడునది పార్వో యను వ్యాధి. 1978లో లోకమునకు తెలిసిన యీ వ్యాధి నెత్తుటి విరేచనములతో రెండుమూడు దినములలో పిల్లను చంపగలదు. దాని బీజము నేలలో నెలలకొలది బ్రతికియుండును. ఒక పిల్ల చచ్చిన యింటికి వెంటనే మఱియొక పిల్లను తేరాదనుట అందుచేతనే. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన వచ్చు జ్వరమునకు గూడ ఆ టీకాలలో రక్షణ కలదు. 2022 జూలైలో వలె గోదావరి లంకలను ముంచినప్పుడు ఎలుకలు కలుగులు విడిచి మన గట్లకు చేరును. ఆ జ్వరము కుక్కకును మనుష్యునకును గూడ వచ్చును.

ఇక నేనీ ప్రసంగమునకు ఒప్పుకొనుటకు కారణమైన విషయము.

1983లో నేను క్రొత్తగా ఉద్యోగమున చేరియుంటిని. ఎనిమిదవ తరగతిలో మూడవ బల్లమీద కూర్చుండు కుఱ్ఱవాడొకడు. ఒకనాడు వాని మడమకు పసరుకట్టు కనబడెను. ఏమిరా యంటిని. “మా యింటి కుక్కపిల్ల కఱిచిందండి. పసరు పోయించారండి” అనెను. ఇంటి కుక్కపిల్లయే గదా యని, పద్య మప్పగింపుమంటిని. తప్పు లేకుండ అప్పగించెను. ఆ కుక్కపిల్ల వారముదినములలో చచ్చెననియు, దానిని కొబ్బరిచెట్టుక్రింద పూడ్చిరనియు నాకు తరువాత తెలిసినది. రెండునెలల పిమ్మట వాడు బడికి రాలేదు. జ్వర మనుకొంటిమి. నీళ్లచెంబు చూపగనే గొంతు బిగిసికొనిపోవుచున్నదని మూడవనాడు వాని తండ్రి వచ్చి చెప్పెను. పెద్దాసుపత్రికి కొనిపోయిరి. తిరిగి రాలేదు. హాజరుపట్టీలో వాని పేరు కొట్టివేసిన చేయి యిదియే.

పిచ్చికుక్కవ్యాధి, అనగా రేబిస్, వీథికుక్కలకే వచ్చుననియు, పాలుద్రాగు పిల్లకును ఇంటి బొచ్చుకుక్కకును రాదనియు అనుకొనుట మన ప్రాంతమున నేటికిని కలదు. రేబిస్ పట్టిన కుక్కయొకటి కఱచినచో ఏ కుక్కకైనను, ఏ పిల్లకైనను వచ్చును. దాని బీజము చొంగలో నుండును. గాయమునుండి నరముల వెంట మెల్లమెల్లగ మెదడువైపు ప్రాకును. సామాన్యముగ ఒకటి మొదలు మూడునెలలు పట్టును. ఒక్కొక్కప్పుడు ఇంకను తక్కువ, ఒక్కొక్కప్పుడు సంవత్సరము. మనకు దొరకిన గడువు అదియే. మెదడు చేరి లక్షణములు కనబడిన పిదప నేటి వైద్యమునకును సాధ్యము కాదు. మన సుశ్రుతుడు కల్పస్థానమున పిచ్చికుక్క విషమును వర్ణించుచు, జలత్రాసము పుట్టినవాడు బ్రతుకడని స్పష్టముగ చెప్పియున్నాడు. పసరు పోసి కుదిర్చితి ననువానికి, కఱచిన కుక్కకు ఆ వ్యాధి లేకుండుటయే కీర్తి తెచ్చినది. అట్టివానికి ఆయుర్వేదమును సాక్ష్యము పలుకదు.

కుక్క కఱచినను, గోటితో రక్కినను, గాయమును నాకినను, వెంటనే పాఱు నీటిక్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలెను. గడియారము చూచి కడుగవలెను. మన యంచనాకు రెండు నిమిషములే పదునైదుగ తోచును. కారము, సున్నము, కాఫీపొడి, పసుపు, పసరు ఏదియు పెట్టరాదు. ఆనాడే ఆసుపత్రికి పోవలెను. సూదులు కండకు వేయుచోట మొదటిదినము, తరువాత 3వ, 7వ, 14వ, 28వ దినములు. చర్మమునందు స్వల్పముగ వేయు పద్ధతిలో 14వ దినపుది ఉండదు. నెత్తురు వచ్చిన గాయమైనచో గాయముచుట్టు వేఱొక రక్షకౌషధము గూడ వేయుదురు, అది మానరాదు. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులని మన తరమువారికి ఒక భయము. గొఱ్ఱె మెదడునుండి చేసిన ఆ పాతమందును మన దేశమున 2005 నాటికే మానివేసిరి. నేటివి భుజమునకు వేయు సూదులు.

పారిసు నగరమున పాశ్చరు పండితుడు 1885 జూలై 6న తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరు అను బాలునకు ఈ టీకా మొదట వేసెను; బాలుడు బ్రతికెను. మన దక్షిణదేశమునకు 1907లో నీలగిరులమీది కూనూరున పాశ్చరు సంస్థ ఏర్పడినది. గోదావరి దాటి, రెండు రైళ్లు మాఱి, కొండయెక్కి సూదులకై పోయిన కాలమది. నేడు అమలాపురమునకు గంటలో చేరువారము పసరు కొఱకు పొరుగూరు పోవుట వింత.

కఱచిన కుక్కను కొట్టి చంపుట యింకొక తప్పు. దానిని కట్టివేసి పదిదినములు కనిపెట్టవలెను. రేబిస్ గలదైనచో ఆ గడువులో అది చచ్చును. అట్లని సూదులను ఆ పదిదినములు ఆపరాదు, మొదలుపెట్టవలెను. పదిదినములకు కుక్క చక్కగా నున్నచో మిగిలినవానిమాట డాక్టరు నిర్ణయించును. పిల్లలు తిట్లకు వెఱచి గాటును దాతురు. వారిని తిట్టకుడు.

ఇంటి కుక్కకు మూడవనెల నిండగనే రేబిస్ టీకా, పిమ్మట ఏటేట ఒకటి. ఆ జూలై 6ననే అనేక పశువైద్యశాలలలో దానిని ఉచితముగ వేయుదురు.

ఒక్క మాట మిగిలినది. ముచ్చట తీరినవారు, కుక్క ముసలిదైనదనియో రోగిష్ఠిదనియో సంచిలో పెట్టి కాలువగట్టున విడిచిపెట్టుట నేను చూచితిని. ఇవి పండ్రెండు మొదలు పదునైదేండ్లు బ్రతుకును. అన్నము కంచములోనే చూచిన ప్రాణి గట్టుమీద వారము బ్రతుకదు. ధర్మరాజు కుక్క కథ మీరెఱిగినదే. నాకు తోచునది వేఱొకటి. రాజమహేంద్రవరమున నన్నయభట్టు తెనిగించిన భారతమున, ఆదిపర్వములో తొలుదొల్త వచ్చు కథలలో నొకటి సరమ యను దేవశునకముది. జనమేజయుని యజ్ఞశాలయందు దాని పిల్ల హవిస్సును ముట్టలేదు, చూడనైన లేదు. అయినను రాజసోదరులు కొట్టిరి. తల్లి వచ్చి రాజు నడిగినది. సమాధానము లేదు. కారణములేక కొట్టినందుకు అనుకొనని భయము మిమ్ము చేరునని చెప్పి పోయినది. చక్రవర్తి ఆ మాటను తేలికగ తీసికొనలేదు. శాంతికై పురోహితుని వెదకుచు బయలుదేఱెను.

మా సోమికి ఈ యేటితో ఆఱు నిండినవి. ఒకకంటిలో మసక మొదలైనది. ప్రొద్దుట నేను పంచాంగము విప్పుటకు కూర్చున్నచో ప్రక్కన చేరును. దాని టీకాల చీటిని అందులోనే, ఆషాఢమాసపు పుటలో పెట్టియుంచితిని. బీరువాలో పెట్టినచో మఱతును. పంచాంగము దినము విప్పక తప్పదు గదా.